ఘణపూర్ కోటలో నాకు కనబడని ఆకుముక్కు గబ్బిలం

ఆకుముక్కు గబ్బిలాన్ని దగ్గరగా చూడాలని నాకు ఏళ్లుగా కోరిక. దాని ముక్కు మీద ఆకులాంటి చర్మపు మడత ఉంటుంది. మన చెవికి అందని కూతను ముక్కులోంచే పంపి, ప్రతిధ్వనితో చీకట్లో దారి తెలుసుకుంటుంది. బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పడమే గాని నేను చూసింది లేదు. ఖిల్లా ఘణపూర్ కోటలో ఉన్నాయని విని, 2007 చలికాలం సెలవుల్లో బయలుదేరాను. మా తోడికోడలు వసంత వెంట వచ్చింది. ఆమెకు గబ్బిలాలతో పనిలేదు. మర్నాడు గద్వాలలో చీర కొనుక్కోవాలి, అంతే.

వనపర్తిలో పొద్దున్నే ఇడ్లీ తిని ఘణపూర్ బస్సెక్కాం. దిగాక కొండ మొదలు దాకా ఇరవై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ యాదయ్య, "గబ్బిలాల కోసం ఇంత దూరం వచ్చిండ్రా మేడం? మా ఇంట్ల దూరితే చీపురుతోని ఎల్లగొడ్తం" అన్నాడు. వసంత పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎండ ముదరకముందే పైకి చేరాం. కోటలో ఒక చీకటి గది, లోపల ఘాటైన వాసన. నేను టార్చి పైకెత్తగానే రెక్కల చప్పుడు, నీడలు, అంతా ఖాళీ. మళ్ళీ మళ్ళీ అదే జరిగింది. చివరికి టార్చిలో సెల్లు అయిపోతే, మార్చుకోవడానికి బయటికొచ్చాను.

లోపలి నుంచి వసంత గొంతు మెల్లగా వినిపించింది. "అక్కా, ఒకటి ఈడనే ఏలాడుతుంది. ముక్కు మీద ఆకు అతికించినట్టుంది."

పరుగున వెళ్లాను. నా వెలుగు పడగానే ఏదో చెవి పక్కనుంచి దూసుకుపోయింది. గాలి మాత్రమే తగిలింది.

"జర నిమ్మళంగ వస్తే అయిపోతుండె అక్కా."

మధ్యాహ్నం దాకా కాచుకున్నా ఇంకొకటి రాలేదు. దిగాక, మమ్మల్ని తిరిగి ఎక్కించుకోవడానికి వచ్చిన యాదయ్యకు వసంత అంతా చెప్పింది. గబ్బిలం చెవులు ఎలా ఆడించిందో చేతులతో చేసి చూపింది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఏళ్లుగా ఎదురుచూసింది నేను. కనబడింది ఆమెకు.

మర్నాడు గద్వాలలో నేతగాళ్ల ఇంట్లో చీరలు చూస్తూ కూడా వసంత అదే కథ చెప్పింది. ఉండబట్టలేక, "అది ఆకు కాదు, చర్మం" అన్నాను.

చీర మడతపెడుతున్న ఇంటామె నా వైపు తిరిగింది. "మీరు గూడ చూసిండ్రా అమ్మా?"

"లేదు" అన్నాను. ఆ తర్వాత ఏ చీరా నచ్చలేదు.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడుతుండగా నేనే అడిగాను, "ఇంకొకసారి చెప్పు వసంతా." ఆమె ఆశ్చర్యంగా చూసి, నా పక్కకు జరిగింది. "ఊపిరి తీసినప్పుడల్లా ఆ ఆకు జర జర కదులుతుండె. ఇది ఎవ్వరికీ చెప్పలే అక్కా, నీకే చెప్తున్న." నేను కళ్ళు మూసుకుని విన్నాను. నాకోసం అంత దాచిపెట్టినందుకు ఆమె మీద ప్రేమ కలిగింది. అసూయ మాత్రం పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: టార్చిని పైకి ఎత్తకండి, నేల మీదికే వేయండి. ఆ మసక వెలుగులో అవి బెదరవు. వసంత అలాగే చూసింది. పాములుంటాయని భయపడి, తన టార్చి కాళ్ల దగ్గరే పట్టుకుందట.