వదిన గొంతు గడ్డ సంగతి

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది మా వదిన. ఆమె గొంతు దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉండేది. నొప్పి లేదు గనక ఎవరం పట్టించుకోలేదు. అది థైరాయిడ్ గడ్డ అనీ, ఏ పరీక్షకి వెళ్లినా ముందు దాని సంగతి చెప్పమనీ ఒక డాక్టరు నాతోనే అన్నాడు.

ఏడేళ్ల కిందట ఆమెకి కడుపునొప్పి వస్తే స్కానింగుకి శ్రీకాకుళం తీసుకెళ్లాను. నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి తీస్తామని, ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. మా ముందున్నావిడ థైరాయిడ్ ఉందంటే, ఆ మందు పడకపోవచ్చని, రక్తపరీక్ష చేయించుకుని సాయంత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు. ఆ సాయంత్రం విజయనగరంలో నాకు పెళ్లిచూపులు. ‘థైరాయిడ్ జబ్బు ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాను.

వదినకి చదువు రాదు. నా భుజం మీంచి తొంగిచూసింది.

“ఒరే, నా పీక కాడ గడ్డ సంగతి రాసినావేటి?”

“రాసేనులే వదినా.”

“అయితే బేగి కానీమను. నీ పెళ్లిచూపులకి ఆలీసమైపోతాది.”

ఆ సంబంధం కుదరలేదు.

నెలన్నర తిరిగేసరికి వదిన చిక్కిపోయింది. చేతులు వణికేవి. గుండె దడదడలాడుతోందంటూ పని మధ్యలో చేలోనే కూర్చుండిపోయేది. ఎండదెబ్బ అనుకున్నారంతా. నేను కూడా అలాగే అనుకున్నానా? లేదు, అనుకోవాలని ప్రయత్నించాను. ఒకరోజు నారుకట్ట ఎత్తుకోబోయి కుప్పకూలింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. థైరాయిడ్ విపరీతంగా పెరిగి గుండె లయ తప్పిందని, గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరిందని ఆసుపత్రిలో చెప్పారు.

“స్కానింగుకి ముందు ఈ థైరాయిడ్ సంగతి చెప్పలేదా?” అని అక్కడి డాక్టరు అడిగాడు.

మాట ముద్దగా వస్తున్నా వదినే జవాబిచ్చింది. “మా మరిది రాసేడు బాబూ. ఆల్లే సూసుకోనేదు.”

నేను ఆమె దుప్పటి సర్దాను.

ఆ మందువల్లే ఇలా అయిందని కచ్చితంగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట వెనక ఇన్నేళ్లూ దాక్కున్నాను. నిజం రాసి ఉంటే మందు లేకుండా తీసేవారేమో, ముందే రక్తపరీక్ష చేసి జాగ్రత్తపడేవారేమో, ఏం చేసినా ఇలాగే అయ్యేదేమో. కానీ ఆ అవకాశం ఆమెకి లేకుండా చేసింది నేను కాదూ?

నాలుగేళ్లు మంచాన ఉండి వదిన పోయింది. ఆ నాలుగేళ్లూ నేనే అన్నం తినిపించాను, మాత్రలు వేశాను. ఊరంతా మెచ్చుకుంది. పదకొండో రోజున అన్నయ్య నలుగురిలో నా చెయ్యి పట్టుకుని, “నా తమ్ముడు నేకపోతే అది ఎప్పుడో పోయీది” అని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. దేనికో ఆయనకి తెలియదు.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు; అది మీరివ్వగలిగింది కాదు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.