అమ్మమ్మ తాగిన ఒకే ఒక్క కాఫీ

నా మనవరాలు పద్దెనిమిది గ్రాముల కాఫీ గింజలు తూచి మరలో పొడి చేస్తుంటే, ఆ వాసనకు చింతపల్లి గుర్తొచ్చింది.

మా అమ్మమ్మ అక్కడి తోటల్లో ముప్పై ఒక్క ఏళ్లు కాఫీ పళ్లు కోసింది. కాఫీ మాత్రం ఎప్పుడూ తాగలేదు. "సచ్చేలోగా ఓపాలి దాని రుచి సూడాలే గుంటా," అనేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కళ్లంలో ఎండుతున్న గింజలు రెండు దోసిళ్లు తెచ్చాను. గింజ ఏదైనా దంచి కాచడమే మాకు తెలుసు. అలాగే దంచి, చోడి అంబలిలా కాచి ఇచ్చాను.

అమ్మమ్మ గ్లాసంతా తాగింది. "ఈ గడ్డినీళ్లకేటే, ఆళ్లు లారీలేసుకొని కొండెక్కి వత్తన్నారు?" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. గింజల్ని ముందు వేయించాలని నాకు పదిహేడో ఏట హాస్టల్లో తెలిసింది. అప్పటికి తొమ్మిదేళ్లు ఆలస్యం. కాఫీ అంటే అదేననుకుని ఆమె వెళ్లిపోయింది.