ముల్లు లేవని ఇంజను

మా ట్రాక్టరు నేను కాపురానికి వచ్చేనాటికే పాతది. మా మామ ఎవరో వాడి వదిలేసినదాన్ని కొన్నాడట. ఆయన పోయాక మా ఆయన చేతికి వచ్చింది. సైలెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడితే రేకు చుట్టి కమ్మీతో కట్టాడు. కొన్నాళ్ళకు ఆ రేకూ ఊడిపోయింది. ఆ మోతలోనే మా పొలమూ పరాయి పొలాలూ దున్నుతూ ఆయన తల నెరిసింది.

మొన్నటి ఏడు వాన బాగా ఆలస్యంగా పడింది. ఇంక రాదనుకుని విత్తనం శనక్కాయలు అమ్మేద్దామా అని మాట్లాడుకుంటున్నప్పుడు పడింది. మాది ఎర్రనేల, అడుగున రాయి. విత్తడానికి కావలసిన తడి, పదును, రెండు మూడు రోజులకంటే నిలవదు. వాన పడగానే మా పక్క ఊళ్ళవాళ్ళు కొందరు వజ్రకరూరు చేలలో వజ్రాల రాళ్ళు వెతకడానికి పోతారు. కూలికి మనుషులు దొరకడమే కష్టం. ఎలాగో ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకుని చేనికి పోయాను.

ట్రాక్టరు స్టార్టు చేసినప్పుడు ఆయిల్ ప్రెషరు మీటరులో ముల్లు బాగానే లేచింది. ఇంజను వేడెక్కేకొద్దీ దిగుతూ వచ్చి ఎర్రగీత దగ్గర ఆగింది. వేసవి దుక్కుల్లోనే ఆయన ఇది గమనించాడు. చాంబరులో ఆయిల్ తక్కువేమోనని కడ్డీ తీసి చూశాడు, సరిగ్గానే ఉంది. ఫిల్టరు మార్చాడు. తర్వాత చిక్కటి ఆయిల్ పోశాడు. కొన్నాళ్ళు ముల్లు నిలబడింది. మళ్ళీ మామూలే. చివరకు మీటరే చెడిపోయిందన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మేము ముగ్గురం వెనక గొర్రు మీద పలక వేసుకుని కూర్చుని, గొట్టాల్లో విత్తనాలు వదులుతున్నాం. నాలుగైదు సాళ్ళు తిరిగాక ఇంజను మోతలో ఇంకో చప్పుడు నా చెవిన పడింది. లోపల ఎవరో సుత్తితో ఆగి ఆగి కొడుతున్నట్టు. గట్టు దగ్గర బండి తిప్పేటప్పుడు తగ్గుతుంది, లాగుడు పడితే పెరుగుతుంది. పక్కనున్న ఆడవాళ్ళను అడిగితే వాళ్ళకూ వినిపించింది. ట్రాక్టరన్నాక అట్లనే ఉంటాదిలే అన్నారు.

నేను కేక వేసి బండి ఆపించాను.

"ఇంజన్లో యాదో కొడతాండాది. ఒక్కతూరి దిగి ఇను," అన్నాను.

ఆయన దిగలేదు. ఇంజను వైపు కాసేపు చూశాడు. "ఏం కొట్టల్యా. ఈ పదును పోతే మళ్ళా వస్తాదా? ఎక్కు," అన్నాడు.

ఇంట్లో కూడా ఈ మధ్య రెండుసార్లు పిలిస్తేగానీ పలికేవాడు కాదు. పరధ్యానం అనుకునేదాన్ని. వానలు రాని ఊళ్ళో మగవాళ్ళందరికీ పరధ్యానమే.

సాయంత్రానికి సగం చేను పూర్తయింది. మరునాడు పొద్దున్నే గుత్తికి పోయి కొత్త మీటరు తెచ్చి బిగించాడు. ముల్లు లేస్తోందని నన్ను కూడా పిలిచి చూపించాడు. ఇంజను వేడెక్కింది. కొత్త ముల్లు కూడా దిగింది, పాతదానికంటే ఇంకా కిందికి. ఆయన వెంటనే ఇంజను ఆపేసి, సీటు మీద అట్లాగే కూర్చున్నాడు. మెకానిక్కుకు ఫోను చేయమని నన్నే అడిగాడు. మళ్ళీ స్టార్టు చేయొద్దు, కట్టుకుని లాక్కురండి అన్నాడు మెకానిక్కు. విత్తనం పనిలో ఉన్న ఎవరూ తమ బండి ఆపరు. బతిమాలితే మా మరిది వరసయ్యే ఒకాయన గుత్తిదాకా లాగి, షెడ్డు ముందు వదిలి, ఆ నిమిషమే వెనక్కి పోయాడు.

మెకానిక్కు తన దగ్గరున్న మీటరు తగిలించి ఇంజను స్టార్టు చేశాడు. వేడెక్కేదాకా నడవనిచ్చాడు. ఆ చప్పుడు మొదలయ్యాక పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత మా ఆయనకు ఇచ్చాడు.

ఆయన ఒక చెవికి పెట్టుకున్నాడు. కాసేపటికి రెండో చెవికి మార్చుకున్నాడు.

"నాకేం ఇనపడల్యాదప్పా," అన్నాడు.

మెకానిక్కు నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియక షెడ్డు గోడకున్న ఫ్యాను బెల్టుల వైపు చూశాను. మెకానిక్కు ఇంజను ఆపేశాడు.

చాంబరు విప్పితే ఆయిల్లో సన్నటి మెరుపు పొడి ఉంది. అదంతా అరిగిన బేరింగు లోహమే. కొత్త బేరింగులు వేయాలంటే వాటిలో తిరిగే క్రాంకును లేతు మీద మళ్ళీ సానపట్టాలి. మా మామ కాలంనుంచీ పట్టించీ పట్టించీ అది సన్నబడిపోయింది. "ఇంగ అరగతీసేకి దీంట్లో ఏమీ ల్యాదన్నా," అని మెకానిక్కు నిదానంగా, గట్టిగా, ఆయనకు వినబడేటట్టు చెప్పాడు. అంతకుముందు ఎవరూ ఆయనతో అట్లా మాట్లాడలేదు.

ట్రాక్టరు అక్కడే వదిలి బస్సెక్కాం. చాలాదూరం ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దారి పొడుగునా చేలలో ట్రాక్టర్ల వెనక విత్తనం గొర్లు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి నావైపు తిరిగాడు.

"ఆ సద్దు ఎట్లుండె?" అన్నాడు.

ముందు సీటు ఇనుప కడ్డీ మీద వేలి కణుపుతో కొట్టి చూపించాను. ఆగి, మళ్ళీ కొట్టాను. ఆయన నా చేతినే చూశాడు. కడ్డీ మీద అరచెయ్యి పెట్టి ఇంకోసారి కొట్టమన్నాడు. కొట్టాను. తల ఊపి చెయ్యి తీసుకున్నాడు.

మిగతా సగానికి బాడుగ ట్రాక్టరు దొరికేసరికి పదును ఆరిపోయింది. అది బీడుగానే ఉండిపోయింది. విత్తిన సగంలో కూడా కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన లేక, చెట్టు పీకితే గింజ లేని లొట్టకాయలే వచ్చాయి. ట్రాక్టరును పాత సామాన్లవాళ్ళు గుత్తిలోనే తీసుకున్నారు. ఆయన చూడటానికి పోలేదు.

అనంతపురంలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే పిలుచుకుపోయాను. చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. నరం దెబ్బతినింది, పోయినది తిరిగి రాదు, మిషను పెట్టుకుంటే కొంత ఉపయోగం అన్నారు. మిషను పెట్టుకుని కొన్నాళ్ళు తిరిగాడు. అన్ని చప్పుళ్ళూ ఒక్కసారే మీద పడుతున్నాయని, తల పగిలిపోతోందని తీసేశాడు. నేనూ బలవంతం చేయలేదు.

ఇప్పుడు చేను వేరేవాళ్ళకు గుత్తకు ఇచ్చాం. నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేచోటికి పోతున్నాను. మా అక్క ఇంట్లో ఉండి, ఆదివారాలు ఊరికి వస్తాను. ఆయన ఊళ్ళోవాళ్ళ గొర్రెలు తోలుకుపోతాడు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా పోయి నిలబడి, నోరు కనబడేటట్టు చెప్పాలి. అందుకని అవసరమైనవే చెప్పుకుంటాం.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆయన లోపల పడుకుని ఉండగా వాన మొదలైంది. పైన రేకులు దద్దరిల్లుతున్నాయి. ఆయన కదల్లేదు. భుజం తట్టి లేపి, పైకి చూపించాను. లేచి వాకిట్లోకి పోయి చెయ్యి చాచి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. వచ్చి మళ్ళీ పడుకున్నాడు.