అక్క బొట్టు పెట్టి పిలిచిన రోజు

తొంభైల్లో నేను శ్రీలంక ఉత్తరాన, యుద్ధం నడుస్తున్న చోట, ఆడవాళ్ల హక్కుల కార్యక్రమాలు నడిపించాను. అక్కడ నా పెద్ద తగాదా ఒక్కటే. భర్త కనిపించకుండా పోయిన ఆడవాళ్లకు ఇల్లివ్వాలన్నా, బియ్యమివ్వాలన్నా ప్రతి ఆఫీసూ ఒకటే అడిగేది: ఆయన ఉన్నాడా, పోయాడా? పోయాడని సంతకం పెడితే అన్నీ చేతికొస్తాయి. వాళ్లు పెట్టరు. నుదుట బొట్టుతో వచ్చి, బొట్టుతోనే, ఖాళీ చేతులతో వెళ్లిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆఫీసుల చుట్టూ తిరిగి, కేకలేసి, చివరికి ఆ ప్రశ్నే అడగొద్దని ఒప్పించాను. సెలవు మీద నాచారంలో అక్క వాళ్లింటికి వచ్చేసరికి ఆ గెలుపు ఇంకా తలకెక్కే ఉంది.

వచ్చింది అక్క కూతురి పెళ్లికి. మా బావ డ్రైవర్‌గా కువైట్ వెళ్లాడు. అక్కడ యుద్ధం వచ్చాక ఆయన జాడ లేదు. తోటివాళ్లు తిరిగొచ్చారు గానీ, చూశామనీ అనలేదు, పోయాడనీ అనలేదు. అక్క మందుల ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, బొట్టూ మెట్టెలూ తియ్యకుండా పిల్లను పెంచింది.

బొట్టు పెట్టి పిలవడానికి బయల్దేరే పొద్దున, అక్క వాళ్ల అత్తమ్మ కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పో బిడ్డా. మీ అక్క ఇంట్ల ఉంటది."

నేను ఊరుకుంటానా? "అక్క బిడ్డ పెండ్లికి అక్క పిలవొద్దా? మీరే గిట్లంటే బయటోళ్లు ఏమనాలె?" అని అందుకున్నాను. ఆఫీసర్ల ముందు లేచిన గొంతే అది.

ముసలామె నేను ఆపేదాకా ఆగింది. "మీ అక్క పెడ్తే ఒక్కరు వద్దన్నా, నా కొడుకు లేడన్నట్టే గదా బిడ్డా. గిన్నేండ్లు గా మాట ఎవ్వరితోని అనిపించలే," అంది.

అక్క భరిణె నా చేతిలోంచి తీసుకుని చెప్పులేసుకుంది. "పోదాం దా," అంది.

ముందు ఉప్పల్ వెళ్లాం. అక్కడి చుట్టాలంతా పెట్టించుకున్నారు. మా మేనత్త అయితే అక్క చెయ్యి పట్టుకుని తనే నుదుటికి ఆనించుకుంది. చూశావా అత్తమ్మా, అనుకున్నాను లోపల.

నాచారంలో అక్క వాళ్ల గల్లీ మొదటి ఇంటామె గుమ్మంలోనే ఆగింది. "అయ్యో, ముట్టుకోకు, నేను బయటున్న. పెండ్లికి మాత్రం వస్త."

నెలసరిలో కుంకుమ పెట్టించుకోరు కదా, సరే అనుకున్నాను. పక్కింటామెదీ అదే మాట. ఆ పక్కింటామె లోపల్నుంచి వస్తూ అక్క చేతిలో భరిణె చూసి, తనూ బయటున్నానంది. ఆమె చేతిలో హారతి పళ్లెం ఇంకా వెలుగుతూనే ఉంది.

"బయటుండి హారతి ఎట్ల ఇస్తున్నవు?" అని అడిగేదాన్నే. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం గాదు వదినె, పెండ్లికి రా," అని ఆమెతో అని ముందుకు నడిచింది. ఆ తర్వాతి ఇళ్లల్లో భరిణె మూత తియ్యకుండా నోటితోనే పిలిచింది. బొట్టేదని ఒక్కరూ అడగలేదు.

ఇంటి మలుపులో అక్క ఆగింది. మూత తీసి, కుంకుమ గుప్పిట్లోకి ఒంపుకుని, గోడవారనున్న వేపచెట్టు మొదట్లో పోసింది.

"ఇదేందక్కా?"

"నిండుగ తీస్కపోతే అత్తమ్మకు తెలుస్తది."

అంతమంది ఆఫీసర్లతో కొట్లాడిన నేను, ఆ చెట్టు కింద వంగి కుంకుమ మీద ఎండుటాకులు కప్పాను. ఏడుపొచ్చింది.

అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. భరిణె తీసుకుని మూత తెరిచి చూసింది. "అందరు పెట్టించుకున్నరా?"

"అందరు పెట్టించుకున్నరు అత్తమ్మా."

బొట్టు పెట్టినవాళ్లకు ఉంగరపు వేలి కొసే ఎర్రబడుతుంది. అక్క అరచెయ్యంతా ఎర్రగా ఉంది. ముసలామె ఆ చెయ్యిని చూసింది. తర్వాత లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి, తనే దాని మీద పోసింది.

"అందరు మంచోళ్లే," అంది. "కడుక్కో బిడ్డా."