వేలు తగిలిన బంతి

ఆరేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేనుండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. అంతకుముందు మెల్‌బోర్న్‌లో చదువుకున్నాను. అక్కడివాళ్ల ఫుట్‌బాల్ పిచ్చి నాకూ అంటుకుంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి, చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, గంటల తరబడి పరుగే పరుగు. టెక్సస్ వచ్చాక ఆ ఆట ఆడే చిన్న క్లబ్బు ఒకటి కనబడితే ఎగిరి గంతేసి చేరాను. రెండేళ్లకే మోకాలు పోయింది. మా దగ్గర ఆడలేనివాళ్లు గోల్ అంపైరింగ్ చేయడం ఆనవాయితీ. అలా తెల్లకోటు తొడుక్కుని గోల్ స్తంభాల మధ్యకు చేరాను.

నిఖిల్‌ను ఈ ఆటలోకి లాగింది నేనే. పక్క ఊరు ప్లేనోలో పుట్టి పెరిగినవాడు, మాకు తెలిసిన డాక్టరు గారి అబ్బాయి. మొదటిరోజు నన్ను అంకుల్ అన్నాడు. ముప్పై నాలుగేళ్లకే అంకుల్ ఏమిట్రా అని కసిరాక అన్నా అనడం మొదలుపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో మెల్‌బోర్న్ మ్యాచ్‌ల రికార్డింగులు చూసేవాళ్లం. గాల్లోకి ఎగిరి బంతి అందుకునేవాణ్ణీ, గోల్స్ కొట్టేవాణ్ణీ అందరూ సూపర్‌స్టార్ అంటారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. బంతి చేజారిపోయిందని మిగతావాళ్లంతా ఆగిపోయాక కూడా, ఎవరూ చూడకపోయినా, దాని వెంట పరిగెత్తేవాడే అసలు సూపర్‌స్టార్ అని ఉపన్యాసం దంచేవాణ్ణి. వాడు పకోడీలు తింటూ వినేవాడు. నా మాటలు ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, వీడూ అంతే అనుకున్నాను. వాడు పట్టించుకున్నాడు. మూడో ఏటికల్లా మా క్లబ్బులో వాడిని మించినవాడు లేడు.

ఆ ఏడు మెల్‌బోర్న్‌లో జరిగే పోటీలకు అమెరికా జట్టును ఎంపిక చేస్తున్నారు. మా ఆఖరి మ్యాచ్ చూడటానికి ఆ జట్టు కోచ్ వచ్చాడు. మ్యాచ్‌కు ముందు అవతలి జట్టువాడొకడు నన్నూ నిఖిల్‌నూ చూసి మీరిద్దరూ కజిన్సా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆటంతా నన్ను గుచ్చుతూనే ఉంది.

ఇక్కడ ఒక్క నియమం తెలిస్తే చాలు. బంతిని మధ్య స్తంభాల్లోంచి తంతే ఆరు పాయింట్లు. గీత దాటేలోపు ఎవరి చెయ్యి తగిలినా అది గోల్ కాదు, ఒకటే పాయింటు. తగిలిందో లేదో చెప్పవలసింది గీత మీద నిలబడ్డ గోల్ అంపైరు. కొన్ని సెకన్ల ఆట మిగిలి ఉంది. మేము నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. అవతలివాడు దూరం నుంచి తన్నాడు. మావాళ్లంతా తలలెత్తి చూస్తూ ఆగిపోయారు. నిఖిల్ ఒక్కడే వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. నా ముందు అడుగు దూరంలో అడ్డంగా దూకాడు. వాడి ఉంగరపు వేలి కొసకు బంతి తగిలింది. చప్పుడు విన్నాను. బంతి తిరుగుడు మారడం చూశాను. నేను వర్ణించిన సూపర్‌స్టార్ నా కాళ్ల దగ్గర బోర్లా పడి ఉన్నాడు.

తగిలిందని వాడు చెయ్యెత్తాడు. మైదానంలోని అంపైరు దూరంగా ఉన్నాడు, నీదే నిర్ణయం అన్నట్టు నా వైపు చూశాడు. అవతలివాళ్లు నలుగురు నా మీదికి వచ్చేస్తున్నారు. కజిన్సా అన్నవాడే ముందున్నాడు.

నేను గోల్ ఇచ్చాను. గోల్‌కు గుర్తుగా రెండు జెండాలూ ఊపాను. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

భయపడ్డానా? భయపడ్డాను. మనవాడికి మనవాడు సాయం చేశాడంటారని. ఆఫీసులో మనవాళ్ల రెజ్యూమే వస్తే, ఎవరూ ఏమీ అనకముందే పక్కన పెట్టే రకం నేను. దాన్ని నిజాయితీ అనుకునేవాణ్ణి. కానీ అంతేనా? ఆ క్షణంలో నా మోకాలు గుర్తుకు రాలేదా? నేను తొడుక్కోవాలనుకున్న జెర్సీ వీడు తొడుక్కోబోతున్నాడని లోపలెక్కడో మండలేదా? ఇన్నేళ్లూ భయం మీదికి నెట్టి బతికాను. మండింది. అదీ నిజమే.

మ్యాచ్ అయ్యాక వాడి వేలు వాచింది. నేనే కార్‌లో అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. హైవే ఎక్కాక వాడు అడిగాడు.

"అన్నా, నాకు టచ్ అయింది. నీకు కనబడలేదా?"

"లేదు."

వాచిన వేలి మీద ఐస్ సంచీ సర్దుకున్నాడు.

"ఓకే అన్నా. నువ్వు చూసింది చెప్పావు. నువ్వు నాకోసం అబద్ధం చెప్తే ఐ వుడ్ హేట్ దట్."

ఎక్స్‌రేలో వేలి కొసన పగులు ఉంది. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే బంతి తగిలిందని చెప్పాడు. ఆ గదిలోనే ఒక మూల కుర్చీలో కూర్చుని నేను నా ఫోన్ చూసుకుంటున్నాను.

అదొక్కటే అయితే క్షణంలో జరిగిన తప్పని సరిపెట్టుకునేవాణ్ణేమో. వారం తర్వాత ఆ కోచ్ నాకు ఫోన్ చేశాడు. కుర్రాడు బాగా ఆడతాడు గానీ, తగలని బంతికి తగిలిందని చెయ్యెత్తేవాణ్ణి తీసుకోలేనన్నాడు. నిజంగా తగల్లేదా అని అడిగాడు. ఏడు రోజులు ఆలోచించుకునే వ్యవధి దొరికినవాణ్ణి. నా పరువు ఒకవైపు, వాడి పేరు ఒకవైపు. బంతి వాడి చేతికి చాలా దూరంగా పోయిందని చెప్పాను. స్థిరంగా, ఇంగ్లీషులో, ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టు చెప్పాను.

వాణ్ణి తీసుకోలేదు. మరుసటి ఏడు వాడు ఆట మానేశాడు. నిఖిల్ మంచివాడే కానీ ఆ రోజు అబద్ధమాడాడు అని మా క్లబ్బులో ఇప్పటికీ అంటారు. నేను అక్కడే ఉంటాను. వింటాను.

ఇప్పుడు వాడు శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల అమ్మానాన్నల్ని చూడటానికి వచ్చి, ఇండియన్ గ్రోసరీలో నాకు ఎదురయ్యాడు. అన్నా అంటూ చెయ్యి కలిపాడు. ఆ వేలి కొస ఇంకా కొద్దిగా వంకరగానే ఉంది, నా అరచేతికి తెలిసింది. మోకాలు ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. కొత్తిమీర కట్ట బుట్టలో వేసుకుని బయటికి వచ్చేశాను.

దీన్ని వాడికి పంపుతానా? తెలియదు. పంపినా, వాడు క్షమించినా, ఆ జెర్సీ తిరిగి రాదు. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఎందుకంటే ఎవరూ చూడనప్పుడు చేసేదే గొప్ప అని వాడికి నేర్పింది నేను. వాడు చేసినప్పుడు చూసిన ఒకే ఒక్కణ్ణీ నేనే.

తగిలింది. గీత దాటకముందే తగిలింది. నేను చూశాను.