కాలు తగిలితే కళ్ళకద్దుకున్న మనిషి

సూర్యం గారు ఇక లేరని ఆయన శ్రీమతి యూ టీ పేటలోని వాళ్ళింటి నుంచి ఫోను చేసి చెప్పారు. గుర్రాలు నిలబడి ఎలా నిద్రపోతాయో ముందురోజే ఆఫీసులో నన్ను ఆపి మరీ వివరించిన మనిషి! స్నానానికి వెళ్ళబోతూ కుప్పకూలిపోయారట.

ఆయన నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పిన గురువు. కంప్యూటర్ల వెల్లువ పుణ్యమా అని రెండు కంపెనీలు మారి వచ్చిన నేను ఆయనకే మేనేజరునయ్యాను. ఆయన మాత్రం కుర్చీ మారలేదు. ఆయన జిజ్ఞాస అంతా అడవి గుర్రాల మీదే.

స్పెయిన్ దేశపు గలీసియా కొండల్లో ఏటా వేసవిలో ఊరంతా కదిలి, స్వేచ్ఛగా తిరిగే గుర్రాలను దొడ్డిలోకి తోలుకొస్తారు. తాడు లేదు, కర్ర లేదు. ఇద్దరు తల, ఒకరు తోక పట్టి నిలిపి, జూలు కత్తిరించి, మందు వేసి, మళ్ళీ కొండకే వదిలేస్తారు.

"వదిలేసేదానికి పట్టుకోవడమెందుకండీ?" అన్నాను.

"చూడకుండా ఎట్టా తెలుస్తదయ్యా?" అన్నారు.

మూడు వేసవులు చూసి వచ్చారు. నాలుగో ఏడు తోక ఆయనకే అప్పగించారు. గుర్రం గిర్రున తిరగడంతో, తల పట్టిన వృద్ధుడి మోకాలికి ఈయన కాలు తగిలింది. వెంటనే మా మహానుభావుడు తోక వదిలేసి, వంగి, ఆ మోకాలిని తాకి కళ్ళకద్దుకున్నారు! గుర్రం విదిలించుకుంది. పెద్దాయన పక్కటెముక విరిగింది.

ఆఫీసు దగ్గరి హాకర్ సెంటర్లో, ఆ తిండి అంగళ్ళ మధ్య భోంచేస్తూ ఆయనే ఇది చెబితే మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన నవ్వలేదు. "నన్ను నమ్మి తల పట్టాడయ్యా. నేను మర్యాద చేసి ఎముక ఇరగ్గొట్టాను" అన్నారు. కాలు తగిలితే మనవాళ్ళు ఏం చేస్తారో ఆ పెద్దాయనకు నాలుగు పేజీల్లో రాసి క్షమాపణ కోరారు. "వచ్చే జూలైలో తోక నువ్వే పట్టాలి. ఇంకెవరికీ ఇవ్వనివ్వను" అని జవాబు వచ్చింది.

ఆ జూలై కోసం ఆయన ఎంత తపించారో నాకు తెలుసు. అయినా రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వై-టూ-కే గడువు నెత్తిమీద ఉందని సెలవు చీటీ మీద నేను సంతకం చేయలేదు. వచ్చే ఏడు వెళ్దురుగాని అన్నాను.

"సరేలేవయ్యా, గుర్రాలెక్కడికి పోతయ్?" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

గడువు దాటింది. ఒక్క కంప్యూటరూ ఆగలేదు. ఈ జూలైకి అడక్కుండానే సెలవిచ్చాను; అది రాకముందే ఆయన వెళ్ళిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మొన్న వాళ్ళింట్లో ఆయన కూతురు ఆ పెద్దాయన చిరునామా నా చేతిలో పెట్టి, "యూ రైట్ టు హిమ్ లా, అంకుల్. హీ ఈజ్ వెయిటింగ్" అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో. పోయినేడు ఎందుకు రాలేకపోయారని నాన్న రాశారమ్మా అని అడిగాను. తన ఒంట్లో బాగోలేదని రాశారట.

అంతటి జిజ్ఞాసువు, అంతటి సౌజన్యమూర్తి మాకు మళ్ళీ దొరకరు. గురువుగారూ, మీకు శతకోటి నమస్సులు. మీ పెద్దాయనకు నా ఉత్తరం మీరు చెప్పిన ఆ ఒక్క అబద్ధాన్ని దిద్దుతూ మొదలవుతోంది: ఆయనకు జబ్బేమీ లేదు, సెలవివ్వనిది నేను.