ఓడలో జతముడి

మధ్యాహ్నం రెండుంపావుకి ఓడ భోజనశాలలో పెరుగన్నం తినడం ముగించి, నా గదికి వెళ్లాను. అంతవరకూ అది మామూలు రోజే.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అమలాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. దెయ్యాల పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దాను తప్ప, వాటికి భయపడింది లేదు. మిమ్మల్నీ నమ్మమని అడగను. జరిగింది చెబుతాను.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. రాజోలు దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. ఓడ ఎక్కాలన్న కోరిక నాది, పెళ్లయిన కొత్త నుంచీ. అడిగినప్పుడల్లా ఆయన, "ఈ దింపు అవనీ, చూద్దాం" అనేవారు. కాయలు దింపించడం ఒకసారితో అయ్యే పని కాదు. ఒక దింపు అయ్యేసరికి ఇంకోటి వచ్చేది. గోదావరి దాటించే పంటు తప్ప మరేదీ ఎక్కకుండానే ఆయన పోయారు.

చెన్నైలో బయలుదేరి, విశాఖపట్నంలో ఒక పూట ఆగి, పుదుచ్చేరి మీదుగా మళ్లీ చెన్నై చేరే పెద్ద విహారనౌకకు ఒక్కదాన్నే టిక్కెట్టు తీసుకున్నాను. మా ఆడపడుచు సత్యవతికి నచ్చలేదు.

"ఏడాది తిరక్కుండా ఓడేంటండి వదినగారూ? నలుగురూ ఏవనుకుంటారు?"

"ఓడెక్కింది అనుకుంటారు."

"అందులో డ్యాన్సులవీ ఉంటాయంటండి!"

"ఆయ్, చూసొచ్చి చెబుతాను."

మా వైపు ఊరికి వెళ్లేవాళ్ల చేతికి కొబ్బరికాయలు జతగానే ఇస్తారు. రెండు కాయల పైనుండే పీచు డొక్కల్లోంచి చెరో పాయ లేపి, ఆ రెంటినీ ముడేస్తారు. ఒంటికాయ ఇవ్వరు. బయలుదేరేటప్పుడు సత్యవతి ఒక జత తెచ్చింది. ఒక్కదాన్నే వెళ్తున్నాను, జత అక్కర్లేదని అక్కడే వదిలేశాను.

మా ఇంట్లో జతలు కట్టింది ఎప్పుడూ మా ఆయనే. ఎడమచేతి వాటం కావడంతో ఆయన ముడి తిరగబడినట్టుండేది. కొసలు బయటికి వదలకుండా లోపలికి దోపేవారు. తెలియనివాళ్లు విప్పలేక కత్తితో కోసేవారు. బొటనవేలితో నొక్కి ఎడమకు లాగితే వస్తుంది. ఆ సంగతి ఇంట్లో నాకు తెలుసు, సత్యవతికి తెలుసు.

ఆ మధ్యాహ్నం ఓడ మన తీరం పక్కగానే పోతోంది. భోజనశాల కిటికీలోంచి దూరంగా చమురు బావుల కట్టడం కనిపించింది. అమలాపురం దగ్గరి ఓడలరేవు వైపుదే అయివుంటుందని అనుకున్నాను. గది తలుపు తెరిచేసరికి, పరుపు మీద స్నానపు తువ్వాళ్లు రెండు, మూలలు మెలిపెట్టి ఒకదానితో ఒకటి ముడేసి ఉన్నాయి.

తిరగబడిన ముడి. కొసలు లోపలికి దోపి ఉన్నాయి.

ఫోనులో ఫొటో తీశాను. తర్వాత బొటనవేలితో నొక్కి ఎడమకు లాగాను. వచ్చేసింది.

గదులు సర్దే మణిపూర్ ఆవిడను పిలిచి అడిగాను. అలంకారానికి ఒక తువ్వాలుతో ఏనుగును చేసి బల్ల మీద పెట్టానని, మిగతా రెండూ మడతపెట్టి స్నానాల గదిలో ఉంచానని చెప్పింది. బల్ల మీద ఏనుగు అలాగే ఉంది. ఆవిడ చేత ఒక ముడి వేయించి చూశాను. అది వేరేలా వచ్చింది.

విశాఖపట్నంలో సిగ్నల్ వచ్చాక ఫొటో సత్యవతికి పంపాను. వెంటనే ఫోను చేసింది. ఏడుస్తోంది.

"అన్నయ్యదేనండి ఆ ముడి. మిమ్మల్ని రమ్మంటున్నాడండి వదినగారూ. దిగిపోండి. బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

నిజంగానే సంచి సర్దుకున్నాను. భుజానికి తగిలించుకుని, దిగేవాళ్ల వరుసలో నిలబడ్డాను కూడా. ఇప్పుడు దిగితే ఇంకెప్పుడూ ఎక్కనని అక్కడ తెలిసింది. ఇంట్లో అందరూ, పోయినవాళ్లతో సహా, నన్ను వెనక్కి లాగింది చాలు. వరుసలోంచి తప్పుకుని మళ్లీ ఫోను చేశాను.

"సత్యవతీ, ఇన్నాళ్లూ మీ అన్నయ్య రమ్మంటే నేను వచ్చాను. ఈసారి ఆయన్నే రమ్మను."

"అదేం మాటండీ!" అంది.

గదికి తిరిగి వెళ్లి తలుపు వేసుకుని, పైకే అన్నాను: "నేను దిగను. రావాలనుంటే రండి. ఆపాలని మాత్రం చూడకండి."

ముడి మళ్లీ కనబడలేదు. పుదుచ్చేరి చూశాను. డ్యాన్సులూ చూశాను. గదిలోకి వెళ్లినప్పుడల్లా కళ్లు ముందు పరుపు మీదికే పోయేవి. తువ్వాళ్లు విడివిడిగా, మడతల్లో ఉండేవి. చివరిరోజు అలా చూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ ముడి ఎవరు వేశారో నాకు తెలియదు. నిద్రమత్తులో మీరే వేసుకున్నారేమో అన్నారొకరు. నేను కుడిచేతివాటం మనిషిని. ఇంటికొచ్చాక వేసి చూశాను, రాలేదు. అది ఆయన నన్ను రమ్మనడమో, నా వెంట రావడమో, ఏమీ కాకపోవడమో, అదీ తెలియదు. వచ్చే ఏడు ఇంకో ఓడకు టిక్కెట్టు తీసుకున్నాను, ఒక్కదానికే.

మొన్న దింపు అయింది. కాయలు విడిగా గోనెసంచుల్లో వేయించాను. సత్యవతినీ అలాగే చేయమన్నాను. ఆ ముడి మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే, అది మాలో ఎవరో వేసిందన్న అనుమానం ఉండకూడదు.

మా ఇంట్లో ఇప్పుడు కాయలు జత కట్టడం లేదు.